శంకుస్థాపనకి ముందే డబ్బు చూపించమంటున్నాడు కాంట్రాక్టరు, చూపించాలా?

పిట్టగోడ_పెందుర్తి
సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్తే అండి. పెందుర్తి దాటాక 200 గజాల స్థలం కొని ఆరేళ్లయింది, ఇన్నాళ్లకి ఇల్లు మొదలెడదామని కూర్చున్నాం. కింద ఒక వాటా, పైన ఒక వాటా, మొత్తం 2400 చదరపు అడుగులు. చుట్టాల ద్వారా తెలిసిన కాంట్రాక్టరు మెటీరియల్‌తో కలిపి అడుగుకి 2000 చెప్పాడు, అంటే 48 లక్షలు. బ్యాంకు 36 లక్షల లోనుకి శాంక్షన్ లెటర్ (మంజూరు కాగితం) ఇచ్చింది. మిగతా 12 మావి. ఎఫ్‌డీలో 5, పీఎఫ్ నుంచి 3, చీటీ ఒకటి నడుస్తోంది దాన్నుంచి 4 వస్తాయని లెక్క.

ముహూర్తం కూడా పెట్టించేశాం. అంతా అయ్యాక నిన్న కాంట్రాక్టరు ఇంటికొచ్చి, కాఫీ తాగి, మెల్లగా "సార్, శాంక్షన్ లెటర్ జిరాక్సు ఒకటి, మీ సొంత డబ్బు 12 లక్షలు ఎక్కడున్నాయో బ్యాంకు స్టేట్‌మెంటు ఒకటి ఇవ్వండి, అవి చూశాకే మనుషుల్ని దింపుతాను" అన్నాడు. పైగా 10 శాతం అడ్వాన్సు. మా నాన్నగారికి కోపం వచ్చేసింది, "మనమేమన్నా వాణ్ణి అప్పడిగామా, మన డబ్బు వాడికి చూపించడమేటి" అని. నాకూ చిన్నతనంగానే అనిపించింది. మా ఆవిడ మాత్రం "అడిగితే తప్పేముంది" అంటోంది. మన వైజాగ్‌లో ఇలా అడగడం మామూలేనా? చూపిస్తే ఏం చూపించాలి, ఏం దాచుకోవాలి?


ఉప్పుగాలి_భీమిలి
సోమవారం, రాత్రి 10:05

మామూలే అయిపోయిందండి. పోయినేడాది మా మరిదిని ఇలాగే అడిగారు. ఇదివరకు ఫలానా వాళ్ల అబ్బాయి, ఫలానా ఆఫీసులో ఉద్యోగం అంటే సరిపోయేది.


టిఫిన్_సెంటర్
సోమవారం, రాత్రి 10:11

పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం స్లిప్పు అడిగినట్టుంది. అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు, ఇచ్చేవాళ్లు ఇస్తూనే ఉన్నారు, మనకెందుకండీ కోపం.


కొమ్మాది_మేస్త్రి
సోమవారం, రాత్రి 11:20

నేను ఈ పనిలోనే ఉన్నాను, చిన్న కాంట్రాక్టులే, కొమ్మాది, మధురవాడ, ఆనందపురం ఈ చుట్టుపక్కలే. మా వైపు నుంచి చెప్తాను, తర్వాత తిట్టండి.

నాలుగేళ్ల కిందట ఒక పెద్దాయన ఇల్లు ఒప్పుకున్నాను. చాలా మంచి మనిషి, మాట మీద నమ్మకంతో దిగిపోయాను. పునాది అయింది, పిల్లర్లు లేచాయి, మొదటి స్లాబుకి సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా కింద ఆపే చట్రం) కొట్టేశాం, రాడ్డు కట్టేశాం. ఇంక కాంక్రీటు పోయడమే అన్నప్పుడు ఆయన "బ్యాంకువాళ్లు ఏదో కాగితం అడుగుతున్నారు బాబూ, వారం ఆగు" అన్నారు. వారం నెలయింది, నెల మూడు నెలలయింది. తర్వాత తెలిసిందేటంటే లోను ఆయన పేరు మీద కాదు, కొడుకు పేరు మీద, ఆ అబ్బాయికి ఉద్యోగం మారింది, లోను ఆగిపోయింది. సెంట్రింగ్ సామాను నాది కాదు కదా, అద్దె రోజుకింత అని నడుస్తూనే ఉంటుంది. బొబ్బిలి, పాలకొండ వైపు నుంచి తెచ్చుకున్న మనుషులకి పని లేకపోతే పక్క సైటుకి పోతారు, మళ్లీ పిలిస్తే బేగి రారు. సముద్రం దగ్గర సైటు కావడంతో కట్టిన రాడ్డంతా ఎర్రగా పొరలు లేచింది, దాన్ని బ్రష్షుతో గీకించడానికి మళ్లీ కూలి. ఇసుక ఫ్రీ అని గవర్నమెంటు 2024లో చెప్పింది, నిజమే, కానీ ఎత్తుడు కూలీ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే లారీ కిరాయి ఎవరిస్తారు? ఆ ఒక్క ఇంటితో నేను తేరుకోవడానికి రెండేళ్లు పట్టింది.

అప్పటినుంచి నేనూ అడుగుతున్నాను. మీ మీద అనుమానంతో కాదండి. స్లాబు మధ్యలో ఆగకూడదు, అంతే. ఒకటి మాత్రం మీ కాంట్రాక్టరుది ఎక్కువే అనిపిస్తుంది. స్టేట్‌మెంటు అంతా ఎందుకు? మీరు ఏ షాపులో చీర కొన్నారో నాకెందుకు?


మల్లెపందిరి
మంగళవారం, ఉదయం 7:15

చూపించండి కానీ ఎంత ఉందో మొత్తం చూపించకండి. ఇది మా ఇంట్లో జరిగింది.

మావారు చాలా ఓపెన్ మనిషి. కాంట్రాక్టరు అడగ్గానే ఫోన్లో బ్యాంకు యాప్ తెరిచి చూపించేశారు. అందులో ఇంటి డబ్బు కాకుండా మా అమ్మాయి పెళ్లికని పక్కన పెట్టిన ఎఫ్‌డీ కూడా కనిపించింది. ఆ రోజు నుంచి ప్రతిదీ ఎక్స్‌ట్రానే. మెట్లకి గ్రానైట్ అన్నాం కదా మేడం, అది ఎక్స్‌ట్రా. కిచెన్ గట్టు కింద అరలు ఎక్స్‌ట్రా. మాట్లాడుకున్నప్పుడు లోపలే అన్న పారాపెట్ గోడ ఎత్తు కూడా ఎక్స్‌ట్రా. నేను గట్టిగా అడిగితే "సార్ దగ్గర ఉన్నాయి కదమ్మా, ఒక్కసారే కదా ఇల్లు కట్టుకునేది" అంటాడు నవ్వుతూ. ఆ ఎఫ్‌డీలో సగం ఇంట్లోకే పోయింది. అమ్మాయి పెళ్లికి మళ్లీ బంగారం కుదువ పెట్టాం.

కాబట్టి ఇంటి డబ్బు వేరే అకౌంటులో వేసుకోండి. ఆ అకౌంటు తప్ప ఇంకోటి ఉందని కూడా వాళ్లకి తెలియనక్కర్లేదు.


రిటైర్డ్_మేనేజరు
మంగళవారం, ఉదయం 10:30

ముప్పై ఏళ్లు బ్యాంకులో చేశాను, అందులో చివరి ఎనిమిదేళ్లు హౌసింగ్ లోన్లే. పైన ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. దానికి పద్ధతి కూడా ఉంది. మీ బ్రాంచికి వెళ్లి బ్యాలెన్స్ సర్టిఫికెట్ కావాలని అడగండి. ఫలానా తేదీన ఫలానా అకౌంటులో ఇంత నిల్వ ఉంది అని ఒకే కాగితం మీద సంతకం, ముద్రతో ఇస్తారు. లావాదేవీలేవీ అందులో కనిపించవు. కాంట్రాక్టరుకి కావలసింది కూడా అంతే.

శాంక్షన్ లెటర్ విషయానికొస్తే, లోను మొత్తం, లెటర్ తేదీ, ఎప్పటిదాకా చెల్లుతుంది, విడతలు ఏ దశలో వదులుతారు, ఈ నాలుగూ కనిపిస్తే చాలు. పాన్ నంబరు, లోను అకౌంటు నంబరు, మీ జీతం, ఈఎంఐ మీద కాగితం ముక్క అడ్డం పెట్టి జిరాక్సు తీయించండి. వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపొద్దు, అది ఎంతమంది చేతులు మారుతుందో మీకు తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. మీరంతా చూపించాలా వద్దా అని మాట్లాడుతున్నారు, కానీ చూపించిన ఆ డబ్బు పని నడిచేటప్పుడు సరైన రోజుకి చేతికొస్తుందా అన్నది ఎవరూ అడగట్లేదు. శాంక్షన్ లెటర్ చేతిలో ఉన్నంత మాత్రాన 36 లక్షలు అకౌంటులో ఉన్నట్టు కాదు. కడుతున్న ఇంటికి డబ్బు ముందే మొత్తం ఇవ్వకూడదు, పని జరిగిన మేరకే వదలాలి అని ఆర్‌బీఐ 2013లోనే గట్టిగా చెప్పింది. అదీ ముందు మీ వాటా పూర్తిగా ఖర్చు పెట్టి చూపించాక. దాని తర్వాత మా ఇంజనీరు సైటుకొచ్చి, చూసి, రిపోర్టు రాస్తే అప్పుడు విడత వస్తుంది.

మీ లెటర్‌లో విడతలు ఎలా ఉన్నాయో, కాంట్రాక్టరు ఎప్పుడెప్పుడు ఎంత అడుగుతున్నాడో ఇక్కడ రాయండి. లెక్క వేసి చెప్తాను.


పిట్టగోడ_పెందుర్తి
మంగళవారం, మధ్యాహ్నం 1:48

లంచ్‌లో రాస్తున్నాను, తప్పులుంటే క్షమించండి. బ్యాంకు విడతలు నాలుగు, 9 లక్షల చొప్పున. పునాది ప్లింత్ (ఇంటి నేల ఎత్తు) దాకా అయ్యాక ఒకటి, మొదటి స్లాబు అయ్యాక, రెండో స్లాబు అయ్యాక, ప్లాస్టరింగ్ అయ్యాక.

కాంట్రాక్టరు కాగితం: అడ్వాన్సు 10 శాతం. పునాదికి ముందు 20, మొదటి స్లాబుకి ముందు 20, రెండో స్లాబుకి ముందు 20, గోడలు ప్లాస్టరింగ్‌కి ముందు 15, ఫ్లోరింగ్ తలుపులకి ముందు 10, తాళాలిచ్చేటప్పుడు 5.


రిటైర్డ్_మేనేజరు
మంగళవారం, సాయంత్రం 4:10

అనుకున్నదే. మీ కాంట్రాక్టరు అన్నీ "ముందు" అంటున్నాడు, మీ బ్యాంకు అన్నీ "అయ్యాక" అంటోంది. ఆ రెంటి మధ్యా మీరు.

అడ్వాన్సు, పునాది కలిపి 14.4 లక్షలు. అప్పటికి బ్యాంకు నుంచి రూపాయి రాదు. మీ దగ్గరున్నవి 12, అక్కడే 2.4 తక్కువ. పునాది అయ్యాక 9 వస్తాయి, మొత్తం 21. కానీ మొదటి స్లాబుకి ముందు అతనికి ఇవ్వాల్సినవి మొత్తం 24. 3 లక్షలు తక్కువ. రెండో స్లాబుకి ముందు 33.6 కావాలి, మీ దగ్గర 30 అయితాయి, 3.6 తక్కువ. ప్లాస్టరింగ్‌కి ముందు 40.8 కావాలి, ఉన్నవి 39. ఫ్లోరింగ్‌కి వచ్చేసరికి గానీ లెక్క సర్దుకోదు. అంటే కాగితం మీద 48కి 48 చూపించినా, దాదాపు పని నడిచినన్నాళ్లూ మీరు రెండు మూడు లక్షల కోసం ఎవరో ఒకరి గడప ఎక్కుతూనే ఉంటారు. సగం ఇళ్లు ఆగేది ఇక్కడే.

అదే "ముందు"ని "అయ్యాక" చేయించండి. పునాది అయ్యాక అతనికి 14.4 చేరాలి, బ్యాంకు విడత పడగానే మీ దగ్గర 21 ఉంటాయి. మొదటి స్లాబు అయ్యాక 24 చేరాలి, మీ దగ్గర 30. ఎక్కడా కొరత రాదు. ఒకటే షరతు, ఇంజనీరు వచ్చి రిపోర్టు రాసి డబ్బు పడటానికి పది పదిహేను రోజులు పడుతుంది, ఆ గడువు అగ్రిమెంటులో రాయించుకోండి.

ఇంకో మాట. పాడుకోని చీటీని డబ్బు అనుకోకండి. ఎంతకి పాడతారో, ఎంత పోతుందో మీకే తెలియదు. పీఎఫ్ కూడా ఇప్పుడే అప్లై చేసి అకౌంటులో పడ్డాక సర్టిఫికెట్ తీసుకోండి.


పిట్టగోడ_పెందుర్తి
మంగళవారం, సాయంత్రం 5:02

సార్, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.


గోపాలపట్నం_గేటు
మంగళవారం, రాత్రి 8:33

ఒక్క డౌటు. స్థలం పెందుర్తి "దాటాక" అన్నారు, చీమలాపల్లి, వేపగుంట వైపు కాదు కదా? పంచగ్రామాల్లో అయితే శాంక్షన్ వచ్చినా లీగల్ దగ్గర ఆగిపోతుంది, సింహాచలం దేవస్థానం భూముల గొడవ. మా బాబాయి అలాగే శాంక్షన్ లెటర్ పట్టుకుని ఊరంతా తిరిగాడు. 22ఏ లిస్టు (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములది) కూడా చూసుకోండి.


పిట్టగోడ_పెందుర్తి
మంగళవారం, రాత్రి 8:50

అటు కాదండి. అప్రూవ్డ్ లేఅవుటే, లీగల్ ఒపీనియన్ అయిపోయింది, ప్లాన్ కూడా వచ్చేసింది. ఈసీ (స్థలం మీద అమ్మకాలు, తాకట్లు చూపించే సర్టిఫికెట్) పోయిన నెలలోదే.


రిటైర్డ్_మేనేజరు
మంగళవారం, రాత్రి 9:15

మంచి ప్రశ్న అడిగారు. కాంట్రాక్టర్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి. జీతం చూసి ఇచ్చే ఇన్ ప్రిన్సిపల్ లెటర్ వేరు, స్థలం కాగితాలు, ఎస్టిమేటు చూశాక ఇచ్చే ఫైనల్ శాంక్షన్ వేరు. మొదటిది చూసి పని మొదలెట్టినవాళ్లే ఎక్కువ ఇరుక్కుంటారు.


లెక్కల_మాస్టారు
మంగళవారం, రాత్రి 10:27

అందరూ 48 అని లెక్కలు వేస్తున్నారు, ఆ 48లో జీఎస్టీ ఉందా అని ఎవరూ అడగలేదు. మెటీరియల్‌తో కలిపి కాంట్రాక్టు అయితే 18 శాతం. 48 మీద 8 లక్షల 64 వేలు. కేవలం కూలి కాంట్రాక్టు, అదీ ఒకే సొంత ఇంటికి అయితే జీఎస్టీ లేదు, సిమెంటు, రాడ్డు మీరే కొనుక్కోవాలి. "బిల్లు లేకుండా అయితే ఇంత" అని ఎవరైనా అంటే, రేపు గొడవ వస్తే మీ చేతిలో ఏ కాగితమూ ఉండదని అర్థం.

బోరు, కరెంటు మీటరు, కాంపౌండు గోడ, సెప్టిక్ ట్యాంకు, ప్లాన్ ఫీజులతో పాటు కట్టే ఒక శాతం లేబర్ సెస్సు, ఇవన్నీ లోపలా బయటా? బయట అయితే మీరు చూపించాల్సింది 12 కాదు.


పిట్టగోడ_పెందుర్తి
మంగళవారం, రాత్రి 10:40

అయ్య బాబోయ్. ప్లాన్ ఫీజులు, సెస్సు కట్టేశాం. జీఎస్టీ సంగతి మాత్రం అడగలేదు. రేపు అడుగుతాను.


దోహా_డ్యూటీ
బుధవారం, తెల్లవారుజామున 3:12

నేను ఇక్కడుండి గాజువాకలో కట్టిస్తున్నాను, మా తమ్ముడికి జీపీఏ (నా తరఫున సంతకాలు పెట్టే అధికార పత్రం) ఇచ్చి. నన్ను ఇంకా ఎక్కువ అడిగారు, బయటి దేశంలో ఉన్నాను కాబట్టి కోట్లుంటాయని వాళ్ల నమ్మకం. ఇక్కడ ఎండలో నిలబడి చేసే పని వాళ్లకి కనిపించదు కదా. నేను చేసిందేంటంటే ఎన్ఆర్ఈ అకౌంటు (ఇక్కడి సంపాదన వేసుకునేది) చూపించలేదు, ఇంటి కోసం ఎన్ఆర్ఓ అకౌంటు (ఇండియాలో లావాదేవీలకి పెట్టుకునేది) వేరేగా పెట్టి, రెండు దశలకి సరిపడా డబ్బు అందులో వేసి, దాని సర్టిఫికెట్ మాత్రమే తమ్ముడి చేత ఇప్పించాను. ఒక దశ అయ్యాక మళ్లీ నింపుతాను. రెండు దశల డబ్బు ఎప్పుడూ ముందు కనిపిస్తుంటే కాంట్రాక్టరు ఇంకేం అడగట్లేదు. జీపీఏ కాగితం మాత్రం ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించుకోండి, మా ఫ్రెండు ఒకడు మర్చిపోయి నానా అవస్థ పడ్డాడు.


టిఫిన్_సెంటర్
బుధవారం, ఉదయం 8:00

గవర్నమెంటు టెండరుకి వెళ్లినప్పుడు ఇదే కాంట్రాక్టర్లు సాల్వెన్సీ సర్టిఫికెట్ (డబ్బు స్తోమత ఉందని చెప్పే కాగితం) పెట్టాలి, ధరావతు కట్టాలి. మన దగ్గరికొచ్చేసరికి సర్టిఫికెట్ మనం పెట్టాలట. ఆయన్ని కూడా అడగండి గురూగారూ, నువ్వు మధ్యలో మానేయవని ఏంటి గ్యారంటీ అని.


కొమ్మాది_మేస్త్రి
బుధవారం, ఉదయం 8:45

అడగండి, తప్పకుండా అడగండి. నన్నయితే కట్టిన ఇళ్లు చూపించమంటారు, తీసుకెళ్తాను. మీరు ఒక్కరే వెళ్లండి, కాంట్రాక్టరు పక్కనుంటే ఓనరు నిజం చెప్పడు. పెయింటు చూడకండి, వాన పడ్డాక మేడ మీద నీళ్లు నిలుస్తున్నాయా, బాత్రూం గోడ అవతల చెమ్మ ఉందా, ఆ రెండూ చూడండి. ఇంకోటి, సిమెంటు కొట్టుకి, రాడ్డు కొట్టుకి అతను బాకీ ఉన్నాడేమో ఆరా తీయండి. బాకీలున్నవాడు మీ అడ్వాన్సు పట్టుకెళ్లి పాత సైటుకి పెడతాడు. ఈ మాట రాసినందుకు మావాళ్లు నన్ను తిడతారు.


మల్లెపందిరి
బుధవారం, ఉదయం 9:05

అడ్వాన్సు క్యాష్ ఇవ్వకండి బాబూ.


లెక్కల_మాస్టారు
బుధవారం, ఉదయం 9:30

2 లక్షలు, ఆపైన ఒకే లావాదేవీకి క్యాష్ తీసుకోవడం చట్టప్రకారం కుదరదు, తీసుకున్నవాడికే అంత మొత్తం జరిమానా. అకౌంటుకి వేస్తానంటే అతను కాదనలేడు.


పిట్టగోడ_పెందుర్తి
ఆదివారం, రాత్రి 9:20

నాలుగు రోజులు కనిపించలేదు, క్షమించండి. జరిగినదంతా ఒకేసారి రాస్తాను.

గురువారం కాంట్రాక్టరుని పిలిచాం. జీఎస్టీ అనగానే మొహం మారింది. "బిల్లు లేకుండా చెప్పాను సార్" అన్నాడు. గంటసేపు వాదించుకున్నాక అన్నీ కలిపి, బిల్లుతో, అడుగుకి 2150 అన్నాడు. అంటే 51 లక్షల 60 వేలు. మా దగ్గర అంత లేదు. పై వాటాలో టైల్సు, లోపలి తలుపులు, రంగులు తర్వాత చేయించుకుంటామని తీసేస్తే మళ్లీ 48 దగ్గరికి వచ్చింది. మా ఆవిడకి పై వాటా అద్దెకిచ్చి ఈఎంఐ కట్టొచ్చని ఆశ ఉండేది, అది ఏడాది వెనక్కి పోయింది. బాధగానే ఉంది, కానీ స్లాబు దగ్గర ఆగడం కంటే నయం అనుకున్నాం.

శుక్రవారం మా నాన్నగారే స్వయంగా అతను కట్టిన రెండు ఇళ్లకి వెళ్లొచ్చారు, ఒకటి సుజాతనగర్‌లో, ఒకటి కూర్మన్నపాలెంలో. కూర్మన్నపాలెం ఆయన మేడెక్కించి మరీ చూపించి "పని బాగుంటుంది, కాకపోతే డబ్బు లేటైతే ఫోను ఎత్తడు" అన్నాడట. ఆ మాటతో నాన్నగారికి అతని మీద గురి కుదిరింది, ఎందుకో నాకూ తెలియదు.

చీటీ పాడేశాను. 4 అనుకున్నది 3 లక్షల 40 వేలే వచ్చింది. మిగతాది మా ఆవిడ గాజుల మీద గోల్డ్ లోను. పీఎఫ్ ఇంకా పడలేదు. అది పడ్డాకే సర్టిఫికెట్ తీసుకుని ఇస్తానని చెప్పాను, ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టి ఒక గంప మట్టి తీద్దాం, మనుషుల్ని మాత్రం సర్టిఫికెట్ చూశాకే దింపు అన్నాను. సరే అన్నాడు. శాంక్షన్ లెటర్ మేనేజరుగారు చెప్పినట్టే కాగితం ముక్కలు అడ్డం పెట్టి జిరాక్సు ఇచ్చాను.

అగ్రిమెంటులో అడ్వాన్సు 2 లక్షల 50 వేలు, అకౌంటుకి. మిగతాదంతా దశ పూర్తయ్యాక, పదిహేను రోజుల గడువు. నెల దాటితే సెంట్రింగ్ అద్దె మాది. కొమ్మాది మేస్త్రిగారి పోస్టు చదివాక ఆ ఒక్కటీ నేనే రాయమన్నాను.


కొమ్మాది_మేస్త్రి
ఆదివారం, రాత్రి 9:48

సంతోషం సార్. అలాంటి ఓనర్లు తక్కువ.


రిటైర్డ్_మేనేజరు
ఆదివారం, రాత్రి 10:15

బాగా చేశారు. పై వాటా పని వదిలేయడం విన్నప్పుడు ఒక్క క్షణం గుండె ఆగింది, చివరి విడత ఇల్లు పూర్తయ్యాకే అని ఉంటే ఇంజనీరు తలుపుల్లేని వాటా చూసి పూర్తయిందని రాయడు. మీది ప్లాస్టరింగ్ దగ్గరే అయిపోతుంది కాబట్టి బతికిపోయారు. రెండు వాటాలకీ ప్లాస్టరింగ్ మాత్రం ఆపకండి. శాంక్షన్ లెటర్ గడువులోపు మొదటి విడత తీసుకోవాలి, తేదీ క్యాలెండరులో రాసిపెట్టుకోండి.


ఉప్పుగాలి_భీమిలి
ఆదివారం, రాత్రి 10:31

మీ అగ్రిమెంటులో "స్లాబు అయ్యాక" అంటే సెంట్రింగ్ కొట్టాకా, కాంక్రీటు పోశాకా, సెంట్రింగ్ విప్పాకా? మా మరిదికి అక్కడే పేచీ వచ్చింది.


పిట్టగోడ_పెందుర్తి
ఆదివారం, రాత్రి 10:36

... రాయలేదండి. రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను.


కొమ్మాది_మేస్త్రి
ఆదివారం, రాత్రి 10:44

కాంక్రీటు పోశాక అని రాయించండి. మీ బ్యాంకు ఇంజనీరు కూడా అప్పుడే ఒప్పుకుంటాడు. విప్పాక అంటే మూడు వారాలు మావాడు ఆగలేడు.